పంపు ఓదెలన్న ఇంట్లో పాత లినక్స్

తొర్రూరు బస్టాండు పక్క సందులో నా కొట్టు చాలాకాలం నడిచింది. కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. అంతకుముందు అదే కొట్లో మా నాన్న రేడియోలు బాగుచేశాడు. ఆయన టంకం పెట్టుకున్న బల్ల మీదే నేను మదర్‌బోర్డులు విప్పుకున్నాను. ఇప్పుడు చెయ్యి కొంచెం వణుకుతోంది, సన్నని స్క్రూలు కంటికి ఆనడం లేదు. అందుకని కొట్టు మూసేశాను. అయినా ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్లు దారిలో ఆపి అడుగుతూనే ఉంటారు.

"ఖాజా భాయ్, గీ పాత డబ్బాకు ఏ సిస్టం ఎయ్యాలె? ర్యామ్ ఎంతుండాలె?"

అవన్నీ వీడియోలు చూసినా తెలుస్తాయి. వీడియోల్లో లేనివి కొన్ని ఉన్నాయి. ఎవరి ఇంట్లో కూర్చుని పని చేస్తున్నాం, ఆ డబ్బా మీద వాళ్లకు ఏం ఆధారపడి ఉంది, పని చెడితే ఎవరి బతుకు ఆగిపోతుంది అనేవి. నేను రాయదలచుకున్నది ఆ సంగతులు. ఎన్ని మిషన్లు బాగుచేశాను, ఎవరు నాకు శాలువా కప్పారు అన్నది రాయను. శాలువా కప్పినవాళ్లే నా దగ్గర ఎక్కువ బేరమాడారు కూడా.

ముఖ్యంగా చెప్పవలసింది పాతబడిన లినక్స్‌ను కొత్తదానిగా మార్చడం గురించి. లినక్స్ అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట: కంప్యూటర్‌ను నడిపే సిస్టమ్‌లలో అదొకటి. దాన్ని ఎవరైనా ఉచితంగా తెచ్చి వేసుకోవచ్చు, తెలిసినవాళ్లు లోపల చూసి మార్చుకోవచ్చు. మా వైపు ఇళ్లలో అది తక్కువే. పాత కంప్యూటర్‌ను పారేయడానికి మనసొప్పనివాళ్లకు, వైరస్‌లతో విసిగిపోయినవాళ్లకు నేను అది వేసి ఇచ్చేవాణ్ని. అట్లా జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో అక్కడొకటి ఇక్కడొకటి నా చేతి మీద నడిచినవి ఉన్నాయి.

ఫార్మాట్ అనే మందు

నేను పని నేర్చుకున్నది జనగామలో, రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న ఒక కొట్లో. యజమానిని అందరం పెద్దసారు అనేవాళ్లం. మంచి మనిషి. పనివాళ్లకు పెట్టకుండా తాను టీ కూడా తాగేవాడు కాదు. కానీ ఆయన వైద్యంలో మందు ఒక్కటే, ఫార్మాట్. మిషన్ నెమ్మదిగా నడిస్తే ఫార్మాట్, ప్రింటర్ పలకకపోతే ఫార్మాట్, మౌస్ తిరగకపోయినా ఫార్మాటే. డిస్కులో సిస్టం ఉండే సీ భాగాన్ని తుడిచేసి మళ్లీ మొదటి నుంచి వేయడమన్నమాట. ఆయనకు తలనొప్పి వస్తే దేన్ని ఫార్మాట్ చేయమంటాడో అని మేం నవ్వుకునేవాళ్లం.

తుడిచేముందు ఆయన ఒక మాట అడిగేవాడు. "డీ డ్రైవ్‌ల ఉన్నది ఉంటది, సీ ల ఉన్నది పోతది. ముఖ్యమైనయి డీ ల పెట్టుకున్నరా?" మా జిల్లాల్లో ఇంటి కంప్యూటర్ ఉన్న ప్రతివాళ్లకూ ఈ లెక్క నోటికి వచ్చు. ఈ నమ్మకం మీదే మా వ్యాపారమంతా నడిచింది.

ఒకసారి ఒక బడి పంతులు తన మిషన్ తెచ్చాడు. అందులో లినక్స్ ఉంది. లినక్స్‌లో సీ, డీ అనేవి ఉండవు. డిస్కులో అది చేసుకున్న గదులను పెద్దసారికి తెలిసిన సిస్టం చదవలేదు, పేరు లేని ఖాళీ జాగాగా చూపిస్తుంది. "గిదంత ఉత్తదే," అని ఆయన తుడిచేశాడు. ఆ జాగాలో పంతులు తన బడి పిల్లలతో పాడించి పెట్టుకున్న పాటలున్నాయి. ఆయన వచ్చి అడిగితే పెద్దసారు, "వైరస్ తిన్నది సార్, ఏం మిగల్లే," అన్నాడు. పంతులు నమ్మాడు. పైగా మిగతాది బాగుచేసినందుకు దండం పెట్టి పోయాడు. ఆ దండం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే కొత్తవాళ్లకు నా మొదటి మాట ఇది. మీ మిషన్‌కు చదవడం రానంత మాత్రాన అది ఖాళీ కాదు. ఎవరి డిస్కు ముట్టుకున్నా ముందు ఇంకో డిస్కులోకి నకలు తీయండి. తీసి ఊరుకోకుండా ఆ నకలును తెరిచి చూడండి. తెరవని నకలు తీయని నకలుతో సమానం. పనయ్యాక ఏదైనా పోతే పోయిందని చెప్పండి. వైరస్ మీదికి తోయకండి, దాని పాపాలు దానికే చాలినన్ని ఉన్నాయి.

పాతబడిందా, అలిగిందా

పాత లినక్స్ ఉన్నవాళ్లు వచ్చి చెప్పే ఫిర్యాదు ఎప్పుడూ ఒక్కటే ఉంటుంది. "నెట్ ఉంది గని సైట్లు తెరుస్తలేదు." వెంటనే కొత్తది వేయాలని ఎగబడకండి. ముందు మూలన ఉన్న గడియారం చూడండి.

మహబూబాబాద్‌లో ఒక బట్టల కొట్టాయన ఇంటికి పోతే, ఆయన కొత్త కంప్యూటర్ కొనడానికి అప్పటికే మనసు సిద్ధం చేసుకుని ఉన్నాడు. అడిగినవాళ్లందరూ మీది పాతబడిందన్నారట. చూద్దును కదా, దాని తేదీ ఎన్నో ఏళ్ల వెనక ఉంది. లోపల గడియారాన్ని నడిపే గుండీ బ్యాటరీ అయిపోయింది. తేదీ తప్పితే సైట్లు మనను నమ్మవు, తలుపు తీయవు. చేతి గడియారంలో వేసేలాంటి చిన్న బ్యాటరీ మార్చాను, అన్నీ తెరుచుకున్నాయి. ఆయన ముఖంలో సంతోషం కంటే నిరాశే ఎక్కువ కనబడింది. కొత్తది కొనే అవకాశం పోయింది కదా పాపం.

నిజంగా పాతబడిన సిస్టం సంగతి వేరు. దాన్ని తయారుచేసేవాళ్లు కొన్నేళ్ల తర్వాత ఆ రకానికి మార్పులు పంపడం ఆపేస్తారు. అప్పటి నుంచి బ్రౌజర్ అక్కడే ఆగిపోతుంది, లోకం ముందుకు పోతుంది. మిషన్‌లో ఏ లోపమూ ఉండదు, అయినా ఒక్కో సైటే దాన్ని గుమ్మంలోనుంచే పంపించేస్తుంది. అప్పుడు మార్చక తప్పదు. నేను అట్లా మార్చినవాటిలో ఒకటి మాత్రం మిషన్ పనిలా మొదలై ఇంకెక్కడికో పోయింది.

భూపాలపల్లి పిలుపు

ఓదెలన్న భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పంపు నడిపినవాడు. భూమి లోపల ఊరే నీళ్లను పైకి తోడే మోటరు దగ్గర ఆయన డ్యూటీ. ఇప్పటికీ అక్కడ పంపు ఓదెలు అంటేనే ఇల్లు చూపిస్తారు. రిటైరయ్యాక షుగర్ వల్ల చూపు పూర్తిగా పోయింది. క్వార్టర్లకు ఆనుకుని ఉన్న బస్తీలో సొంత ఇల్లు కట్టుకుని, భార్య సమ్మక్కతో ఉంటున్నాడు.

చూపు పోయాక ఆయనకు ఒక పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి ఇచ్చింది నేనే. తెర మీద ఉన్నదాన్ని తెలుగులో పైకి చదివే గొంతు అందులో ఉంటుంది. మనిషి గొంతంత బాగుండదు, అయినా పనికొస్తుంది. ఓదెలన్న కీబోర్డు మీద ఒక్కో అక్షరాన్నీ వేలితో వెతికి పట్టుకున్నాడు. పొద్దున్నే పేపర్లు తానే వినేవాడు. ఆయనతో పనిచేసి రిటైరైనవాళ్లు నెట్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. మోకాళ్ల నొప్పులు, మనుమల చదువులు, పాత ఆఫీసర్ల మీద పరాచికాలు అన్నీ అందులో రాసుకునేవాళ్లు. అందరికంటే ఎక్కువ రాసేది ఓదెలన్నే. ఎవరో టచ్ ఫోన్ కొనుక్కోమంటే ఒప్పుకోలేదు.

"వేలికి తగలని బటన్, బటన్ ఎట్లయితది భాయ్?"

మొన్న వేసవికి ఆ సిస్టం కూడా ముసలిదైంది. ముందు గ్రూపు తెరుచుకోవడం మానేసింది, తర్వాత ఒక్కో పేపరూ మానేసింది. ఓదెలన్న తన చిన్న ఫోన్ నుంచి నాకు ఫోన్ చేశాడు.

"ఖాజా భాయ్, ఏ తలుపు కొట్టినా తీస్తలేరు. నేను చీకట్ల ఉండుడు అలవాటైంది గని, గిట్ల సప్పుడు లేకుంట ఉండుడు నాతోని కాదు. నువ్వు రావాలె."

కొట్టు మూసేశానని చెప్పాను. "నేనేమన్న కొట్టుకు వస్తున్ననా? నువ్వే మా ఇంటికి రా," అన్నాడు. వరంగల్ మీదుగా బస్సు మారి వెళ్లాను.

ఎప్పుడు వెళ్లినా సమ్మక్క లోపలి నుంచే "తమ్మీ, చాయ్ పెడుతున్న" అని కేకవేసేది. ఆ రోజు గేటు దగ్గరే ఎదురొచ్చి నిలబడింది. గొంతు తగ్గించి అడిగింది.

"తమ్మీ, గది బాగైతదా?"

"చూడాలె అక్కా. అయితదనే అనుకుంటున్న."

"కాలేదని చెప్పరాదు?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆమె తమ్ముడు రాజవీరు గార్లలో ఉండేవాడు. బాయిలో ఓదెలన్నతో కలిసి అదే పంపు మీద పనిచేసినవాడు. ఆ వేసవిలో ఓదెలన్నకు గుండె నొప్పి వచ్చి వరంగల్ దవాఖానలో స్టెంటు వేశారు. సరిగ్గా అప్పుడే గార్లలో రాజవీరు చనిపోయాడు. గుండెకు ఏ దెబ్బా తగలకుండా చూసుకోమని డాక్టర్ అన్నాడని సమ్మక్క భర్తకు చెప్పలేదు. బంధువుల బిడ్డ ఫంక్షన్ అని చెప్పి గార్లకు పోయి, తమ్ముణ్ని మట్టి చేసి వచ్చింది. తర్వాత ఓదెలన్న బామ్మర్దికి ఫోన్ కలపమంటే, గొంతుకు ఆపరేషన్ అయిందని, మాట్లాడొద్దన్నారని చెప్పింది. వారం ఆగి చెబుదామనుకుంది. వారం నెలలైంది. ఇంటికి వచ్చే పాత స్నేహితులందరికీ చెప్పొద్దని ముందే చేతులు జోడించింది. ఆయన దవాఖాన నుంచి వచ్చేసరికే కంప్యూటర్‌లో గ్రూపు తెరుచుకోకపోతే ఆమె గండం గడిచిందనుకుంది.

"గ్రూపుల అందరు రాసిన్రు తమ్మీ. గది తెరిస్తే ఆయనకు మొదలు ఇనవడేది గదే. మిషన్ నోటితోని ఇంటడు. బోర్డు కాలిందను. నీ మాట నమ్ముతడు."

ఇంటివాళ్ల గుట్టు

ఇక్కడ ఆగి కొత్తవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఈ పనిలో అబద్ధం ఆడడం చాలా సులువు. బోర్డు కాలింది, డిస్కు కొట్టేసింది, ఈ రకం ఇప్పుడు దొరకదు అంటే ఎవరూ దీపం పట్టుకుని లోపల చూడరు. అందులోనూ చూపు లేని మనిషికి చెప్పే అబద్ధం. అంతకంటే భద్రమైన అబద్ధం ఇంకోటి లేదు. ఆ మాట తోచగానే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇళ్లకు వెళ్లి పనిచేసేవాళ్లకు అందరి గుట్టూ తెలుస్తుంది. కొడుకు ఎవరితో మాట్లాడుతున్నాడో తండ్రి అడుగుతాడు, భర్త ఏం చూస్తున్నాడో భార్య అడుగుతుంది. ఫలానాది తెరుచుకోకుండా చేయమంటారు. నేను చిన్నపిల్లల విషయంలో తప్ప ఎప్పుడూ ఒప్పుకోలేదు. మిషన్ ఎవరిదో వాళ్లు దాంట్లో ఏం చదవాలో తేల్చేది బాగుచేసేవాడు కాదు. కానీ సమ్మక్కది ఆ రకం అడుగుడు కాదు. ఆమె భర్తను కాపాడుకోవాలనుకుంది. నిజం బయటపెట్టే పనిముట్టును నా చేత్తో నేను బాగుచేస్తే, ఆ గుండె ఆగితే ఆ బరువు ఎవరిది? నాకు నిజంగా భయమేసింది.

"ఇప్పుడు డాక్టర్ ఏమంటుండు అక్కా?" అని అడిగాను.

"మొన్న చూపించిన. అంత మంచిగున్నది, మెట్లు గూడ ఎక్కచ్చన్నడు. నాకే ధైర్యం సాలుత లేదు. ఇన్ని దినాలు దాచినవా అంటే నేనేం చెప్పాలె?"

"అక్కా, బోర్డు కాలిందని నేను చెప్పలేను. గని పని ఇప్పట్ల ఒడువది. పొద్దుగూకుతది. అంతలోపల నువ్వే చెప్పు. మిషన్ చెప్పుడు కంటె నువ్వు చెప్పుడు నయం గద?"

"నాతోని కాదు," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. చాయ్ మాట ఎత్తలేదు.

రిలీవర్

ఓదెలన్న కొత్త అంగీ వేసుకుని మిషన్ పక్కన కూర్చుని ఉన్నాడు, పెండ్లిచూపులకు కూర్చున్నట్టు. గడియారం చూశాను, తేదీ సరిగ్గానే ఉంది. కాబట్టి నిజంగా పాతబడిందే. ఆ సిస్టం ఎంత పాతదంటే దాని మీదే మెట్టు మెట్టుగా ఎక్కించుకుంటూ కొత్తదానికి చేరే దారి లేదు. కొత్తదాన్ని విడిగా వేయాల్సిందే. ఆ మాట చెప్పగానే ఓదెలన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"పాతది తీసెయ్యకు."

"నకలు తీస్తనే అన్నా. నీయి ఒక్కటి గూడ పోవు."

"నకలు కాదు భాయ్. పాతది నడుస్తనే ఉండాలె. కొత్తది నా చెవుల వడి, నేను సరే అన్నంకనే పాతది దిగాలె. పంపు మీద గట్లనే ఉంటుండె. రిలీవర్ రాకముందు నా షిఫ్ట్ అయిపోయిందని నేను మీదికి పోతే, వాడు వచ్చేలోపల నీళ్లు నిండుతయి. లోపల మనుషులుంటరు."

"నీ రిలీవర్ ఎవలుంటుండె?" అని అడిగేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

"ఇంకెవలు, మా రాజవీరే!" ఆయన ముఖం వెలిగింది. "వచ్చి, మోటర్ మీద చెయ్యి వెట్టి, 'ఏమన్న ఉన్నదా బావా' అంటడు. ఏం లేకుంటే ఏం లేదనాలె. ఉంటే ఉన్నది చెప్పాలె, గాలి కొడుతుందా, సప్పుడు మారిందా, ఏదైన సరే. చెప్పకుంట దిగుడు లేదు. ఒకపారి భూమి కాడ కొట్లాడుకొని ఇంట్ల ఇద్దరం మాట్లాడుకోలే. గప్పుడు గూడ బాయిల గామాట అడిగిండు, నేను చెప్పిన. గంతే, మల్ల మీదికి వచ్చినంక మాటల్లేవు."

ఆయన నవ్వుతున్నాడు. వంటింట్లో సమ్మక్క చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"గొంతు బాగైనంక వస్తడు. గీ కొత్తదాని మీద వానికి పేపర్ ఇనిపిస్త. వాడు పేపర్ ఎన్నడు సదవలే, గిప్పుడన్న ఇంటడు," అన్నాడు ఓదెలన్న. నేను తల వంచుకుని స్క్రూలు విప్పాను.

ఆయన కోరినట్టే చేశాను. పాత డిస్కును కదపకుండా పక్కన ఇంకో డిస్కు బిగించాను. ముందు కొత్త సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, గొంతు పలుకుతుందో లేదో ఆయనకు వినిపించాను. ఈ పద్ధతి మీరూ అలవాటు చేసుకోండి, డిస్కు మీద ఒక్క గీత పడకుండానే మిషన్‌కు కొత్తది సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది. గొంతు పలికింది. ఓదెలన్న మొహం చిట్లించాడు.

"ఎవడు భాయ్ వీడు? ముక్కుతోని మాట్లాడుతుండు."

"కొత్త మనిషన్నా. జర అలవాటైతడు."

గొంతు లావూ సన్నమూ మారుస్తూ పోతే ఒకచోట సరే అన్నాడు. తర్వాత కొత్త డిస్కులో వేయడం మొదలుపెట్టాను. నెట్ నెమ్మదిగా ఉంది, కావలసినవి దిగడానికి చాలాసేపు పట్టింది. మధ్యాహ్నం సమ్మక్క అన్నం, పచ్చిపులుసు పెట్టింది. ముగ్గురం తిన్నాం, మాట్లాడింది ఓదెలన్న ఒక్కడే. నేను రెండుసార్లు ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

వేయడం పూర్తయి మిషన్ మళ్లీ లేచినప్పుడు గది నిశ్శబ్దంగా ఉంది. పాస్‌వర్డ్ అడిగే పేజీ వచ్చి నిలబడింది, కానీ అక్కడ గొంతు పలకడం లేదు. లోపలికి వెళ్లాకే పలుకుతుంది. చూపున్నవాడికి అది లెక్కలోకి రాదు. ఓదెలన్న మాత్రం, "వచ్చిందా, సచ్చిందా?" అన్నాడు. దాన్ని సరిచేసి ఆ పేజీలో కూడా పలికేటట్టు పెట్టాను. ఏ సిస్టం కావాలో ఎంచుకునే మొదటి పేజీలో గొంతు పెట్టడం కుదరలేదు. ఆ పేజీ రాగానే లోపలున్న చిన్న బజర్ పీప్‌మనేటట్టు చేశాను. పీప్ విని ఊరుకుంటే కొత్తది వస్తుంది, కింది బాణం నొక్కితే పాతది. అంతా అయ్యాక నేను కళ్లు మూసుకుని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడిపి చూశాను. చూపులేనివాళ్ల మిషన్ బాగుచేసేవాళ్లు ఇది చేయకుండా లేవకూడదు.

బయట ఎండ తగ్గింది. సమ్మక్క వంటింటి గుమ్మంలో కొంగు పట్టుకుని నిలబడి ఉంది. ఇంకా చెప్పలేదు. ఓదెలన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పీప్ విన్నాడు, కొత్తది లేచింది, తన పేరు, పాస్‌వర్డ్ తానే కొట్టాడు. ఇక తెరవాల్సింది గ్రూపే. హుషారుగా కంప్యూటర్ డబ్బా మీద అరచెయ్యి పెట్టి, నా వైపు మెడ తిప్పాడు.

"ఏమన్న ఉన్నదా?"

నాతో ఆడిన పరాచికం అది. ఏం లేదన్నా అని నేను నవ్వాలి. నేను సమ్మక్క వైపు చూశాను.

"ఉన్నది," అన్నది సమ్మక్క.

ఓదెలన్న ఆమె వైపు తిరిగాడు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి చెప్పేసింది.

"రాజవీరు లేడు. సచ్చిపోయిండు. నువ్వు దవాఖానల ఉన్నప్పుడే."

ఆయన చెయ్యి డబ్బా మీద అట్లాగే ఉంది.

"గొంతుకు ఆపరేషన్ అయిందంటివి?"

"అబద్ధం చెప్పిన."

"నువ్వు పోయినవా?"

"పోయిన. ఫంక్షన్‌కని నీకు చెప్పిపోయింది గందుకే."

"మట్టి వేసినవా?"

"వేసిన. నీ పేరు మీద గూడ వేసిన."

ఓదెలన్న లేచాడు. "నన్ను చిన్నపిల్లగాన్ని చేసిన్రు," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. గోడ పట్టుకుంటూ పెరట్లోకి వెళ్లాడు. నేను వెంట పోబోతే సమ్మక్క వద్దని చెయ్యి ఊపింది. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుంటాడేమోనని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నా జీవితంలో ఏ మిషన్ ముందూ అంత భయపడలేదు. ఆయన గోలెం దగ్గర నిలబడి ముఖం మీద నీళ్లు కొట్టుకున్నాడు, మళ్లీ కొట్టుకున్నాడు. తర్వాత అంగీతో తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"నన్ను బావా అని పిలిశెటోడు పోయిండు," అన్నాడు. కొంచెం ఆగి, "గ్రూపుల అందరికి ఎర్కనా?" అని అడిగాడు.

"అందరికి ఎర్కే. నేనే దండం వెట్టి చెప్పొద్దన్న."

ఆయన గ్రూపు తెరిచాడు. తెరుచుకుంది. ఓదెలన్న చెవికి అలవాటు కాబట్టి గొంతును గడగడా పరిగెత్తించి వింటాడు, ఆ వేగంలో నాకు కూడా ఒక్క మాట అందదు. అప్పుడూ అట్లాగే మొదలైంది. రాజవీరు పేరు ఒకసారి తగిలింది, మళ్లీ తగిలింది. ఓదెలన్న ఆపేశాడు.

"ఇటచ్చి కూసో," అన్నాడు భార్యతో.

సమ్మక్కకు చదువు రాదు. తమ్ముడి గురించి వాళ్లు ఏం రాశారో ఆమెకు తెలియదు, రాశారని మాత్రమే తెలుసు. వచ్చి ఆయన పక్కన స్టూలు మీద కూర్చుంది. ఓదెలన్న ఒక మీటను నొక్కుతూ పోయాడు, గొంతు వేగం తగ్గుతూ వచ్చింది. ఇంకా తగ్గించాడు, మనిషి మనిషితో మాట్లాడే నడకకు తెచ్చాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.

రాజవీరు రాత్రి షిఫ్టులో పాటలు పాడేవాడని, పంపు చప్పుడుకే తాళం వేసేవాడని ఒకాయన రాశాడు. తన పెండ్లికి సెలవు దొరకకపోతే తన బదులు రాజవీరే బాయిలోకి దిగాడని ఇంకొకాయన రాశాడు. ఆ గొంతు సంతోషాన్నీ దుఃఖాన్నీ ఒకే తీరుగా చదువుతుంది, రాజవీరు పేరును సరిగ్గా పలకను కూడా లేదు.

సమ్మక్క ఏడ్చింది. తమ్ముడు పోయిన తర్వాత ఆ ఇంట్లో ఆమె ఏడవడం అదే మొదటిసారి. ఓదెలన్న చెవులకు చిన్న ఎక్కిళ్లు కూడా అందుతాయని ఇన్ని నెలలూ గార్లలోనూ బస్సులోనూ తప్ప ఎక్కడా ఏడవలేదట. ఇప్పుడు నోరు తెరిచి, తమ్ముణ్ని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. ఓదెలన్న ఊకోమనలేదు. కళ్ల నుంచి నీళ్లు కారుతుండగా ఆమె తగ్గేదాకా ఆగి, తర్వాతి దానికి పోవడానికి మీట మీద వేలు పెట్టాడు.

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది.

"గదే... పాటలు పాడెటోడన్నది. మల్లొక్కసారి ఇనిపియ్యి."

ఆయన వెనక్కి వెళ్లి ఆ మాటలు మళ్లీ చదివించాడు.